తిరునిన్ఱవూరు: పూసలారు కట్టిన గుడి

చెన్నపట్టణమునకుఁ బశ్చిమముగా, తిరువళ్లూరునకుఁ బోవు రైలుమార్గమున, ఆవడి దాటిన పిమ్మట తిరునిన్ఱవూరను చిన్న పట్టణము కలదు. దక్షిణదేశమున మొట్టమొదటి రైలుబండి 1856వ సంవత్సరమున రాయపురమునుండి వాలాజా వఱకు నడచిన త్రోవ యిదియే. మహానగరమునకు సుమారు 30 కిలోమీటరుల దూరమం దుండుటచే, ఉదయమునఁ బనికిఁ బోయి రాత్రి కిల్లు చేరువారికి నివాసమైనది. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో నిచటివారి సంఖ్య సుమారు 37 వేలు. పట్టణ పంచాయతిగా నుండిన యీ యూరు 2021వ సంవత్సరమునఁ బురపాలకసంఘ మైనది. రాజధానిగా నుండినదని కాని, యుద్ధములు జరిగినవని కాని దీనిని గూర్చి యెవరును జెప్పరు. అయినను శైవులకును వైష్ణవులకును గూడ నిది పుణ్యస్థలము. ఇందలి భక్తవత్సలస్వామి కోవెల వైష్ణవుల 108 దివ్యదేశములలోఁ దొండనాటికిఁ జేరిన 22 స్థలములలో నొకటి. హృదయాలయేశ్వరుని గుడి 63 నాయనార్లలో నొకఁడైన పూసలారు కథకు నెలవు.

ఈ రెండు ప్రసిద్ధులును లేమినుండి పుట్టినవగుట వింత. ఆళ్వారు ఈ స్వామికై ప్రత్యేకముగా నొక దశకమైనఁ బాడలేదు. నాయనారు ఈ యూర నొక శిలయైన నెత్తలేదు. పాట లేని కోవెలకును, గుడి లేని భక్తునకును నింతటి కీర్తి యెట్లు కలిగెను? ఆ కీర్తికి మూలమైన కథలు ప్రాచీనగ్రంథములలోని యే మాటలనుండి మొలచెను? తమిళవాఙ్మయమునందును, కాంచీపురమునందలి యొక శాసనమునందును దీనికిఁ గొంత సమాధానము దొరకుచున్నది.

ముందుగా నూరిపేరు. తమిళమున ‘నిన్ఱ’ యనఁగా నిలిచిన. నిల్ అను ధాతువు మన నిలు ధాతువే కాఁబట్టి తెలుఁగువారికి దీనిని వివరింపఁ బనిలేదు. ‘తిరు’ శబ్దమునకు శ్రీ యని యర్థము. కాఁబట్టి శ్రీదేవి నిలిచిన యూరు తిరునిన్ఱవూరని స్థలపురాణము చెప్పును. లక్ష్మీదేవి వైకుంఠమును విడిచివచ్చి యిచట నిలిచెనఁట. ఆమెను మరలఁ గొనిపోవుటకు సముద్రరాజు వచ్చి, పాలకడలిఁ బుట్టిన యామె తనకుఁ గూఁతురే యైనను, ‘నన్నుఁ గన్న తల్లీ’ యని బ్రతిమాలెను. ఆమె కదలలేదు. తుదకు స్వామియే దిగివచ్చి భక్తవత్సలుఁడై యిచట వెలసెను. నేఁటికిని అమ్మవారికి నన్నుఁ గన్న తల్లి యను నర్థముగల ‘ఎన్నైప్పెఱ్ఱ తాయారు’ అను పేరే వాడుకలో నున్నది. కూఁతును ‘తల్లీ’ యని పిలుచుట తెలుఁగిండ్లలోఁ బ్రతిదినము వినవచ్చు మాట. ఆ యింటిపిలుపు కోవెలలో దేవతానామమై నిలిచిన స్థలము లరుదు.

కథ యింపైనదే కాని, పేరుయొక్క చరిత్ర దానికి సాక్ష్య మిచ్చుట లేదు. తిరుపతి, తిరువళ్లూరు, తిరువణ్ణామలై మున్నగువానియందువలెఁ దిరుశబ్దము పుణ్యస్థలములకు గౌరవార్థముగాఁ జేర్చునది. ఈ యూరిని బేర్కొన్న ప్రాచీనకవులలో సుందరమూర్తి నాయనారును, తిరుమంగయాళ్వారును ‘నిన్ఱవూర్’ అనియే యనిరి. నంబియాండారు నంబి యింకను గుదించి ‘నిన్ఱూర్’ అనెను. తిరుశబ్దము పేరులో నంతర్భాగముగా స్థిరపడిన తరువాతనే శ్రీదేవి నిలిచిన దను వ్యుత్పత్తికి వీలు కలిగియుండును. మఱి నిలిచిన దెవరు? ఆళ్వారు రెండుచోట్ల నీ యూరు తలఁచి, యొకచోట నిచటి స్వామికే ‘నిలిచిన’ యను విశేషణము చేర్చినాఁడు. కోవెలలోని స్వామియు నిలువుగా నున్న మూర్తియే. ఆళ్వారు నాఁటికి ఊరిపేరులో నిలిచినవాఁడు స్వామియే యని భావింపవచ్చును.

ఆ రెండు ప్రస్తావనలే యిచటి వైష్ణవప్రసిద్ధి కంతటికి నాధారము. తిరుమంగయాళ్వారు పల్లవుల కాలమువాఁడు; క్రీ.శ. 8వ శతాబ్దివాఁడని పండితులు తలఁతురు. ఉత్తరమున మన తిరువేంగడమును, అహోబలమును గూడఁ బాడిన సంచారి యాయన. ఆయన పెరియతిరుమొழிలో నొక్కొక్క స్థలమునకు సాధారణముగాఁ బదేసి పద్యముల దశక ముండును. నిన్ఱవూరి కట్టిది లేదు. కడల్మల్లై, అనఁగా నేఁటి మహాబలిపురమును గూర్చిన దశకమున నొక పద్యములో నిన్ఱవూరి స్వామిని ముత్యముతోఁ బోల్చి యాళ్వారు ముందునకు సాగిపోయెను. ఆ ప్రబంధముననే చాల దూరము పోయిన తరువాత, చోళనాటి తిరుక్కణ్ణమంగై దశకమున మరల నొక పద్యములో ముత్యాలగుత్తి యని పేర్కొనెను. రెండుచోట్లను పాట వేఱొక యూరి స్వామిది. నిన్ఱవూరు నడుమ వచ్చిపోవు పేరు మాత్రమే.

ఈ వింతకు సంప్రదాయము కల్పించిన సమాధానము మిక్కిలి చక్కనిది. ఆళ్వారు నిన్ఱవూరికి వచ్చియుఁ బాడక సాగిపోయెనఁట. అమ్మవారు నొచ్చుకొని, ‘పోయి పాట యడిగి తెండు’ అని స్వామిని పంపెను. స్వామి పోవునప్పటికి ఆళ్వారు కడల్మల్లై చేరి యచటి స్వామిని బాడుచుండెను. వెంటవచ్చిన వానిని జూచి, యా పాటలోనే యొక పద్యమునఁ జేర్చెను. స్వామి దానిని దెచ్చి చూపఁగా, ‘ఇతరస్థలములకుఁ బదేసి యుండఁగా మన కొక్కటియేనా?’ యని యామె మరలఁ బంపెను. అప్పటికి ఆళ్వారు కణ్ణమంగై చేరియుండెను. అచట రెండవ ప్రస్తావన లభించెను. ఒక్క పద్యము దొరకినఁ జాలు, స్థలము దివ్యదేశమగును. ఇచట రెండు దొరకినవి.

పాఠములోని కొఱఁతయే యీ కథకు బీజమని స్పష్టము. ప్రబంధపాఠమును జక్కఁగా నెఱిఁగి, యే పద్య మే దశకమున నున్నదో గుర్తించినవారు తప్ప నిట్టి కథను గల్పింపలేరు. దీనిని వట్టి జనశ్రుతి యని త్రోసివేయుటకంటె, కథారూపమైన వ్యాఖ్యానమని గ్రహించుట న్యాయము. పూసలారు కథ నిట్లే పరిశీలించిన మఱింత గహనమైన విషయము బయలుపడును.

సుందరమూర్తి తిరువారూరఁ బాడిన తిరుత్తొండత్తొగై యను భక్తనామమాలికయందుఁ గడపటి పద్యములోఁ బూసలారు పేరు కలదు. సుందరమూర్తి 8వ శతాబ్దివాఁడని కొందఱును, 9వ శతాబ్ది యారంభమున నున్నవాఁడని కొందఱును వాదింతురు. ఆయన చెప్పిన దింతే: నాలుకపై వేదము గలవాఁడు, నిన్ఱవూరివాఁడు, పూసల్ అను పేరువాఁడు. గుడి మాట లేదు; రాజు మాట లేదు. పూసల్ అను పదమునకుఁ దమిళమున గొడవ, యుద్ధము అని యర్థములు కలవు. తెలుఁగు చెవికి స్ఫురించు పూసతో దీనికి సంబంధము లేదు. నోరు విప్పక గుడి కట్టిన వానికిఁ గలహమను పేరుండుట యొక చమత్కారము. వ్యాఖ్యాత లెవరైన దీనిపైఁ గథ యల్లకుండుట యింకొక చమత్కారము.

పిమ్మట సుమారు 11వ శతాబ్దియందు నంబియాండారు నంబి యొక్కొక్క భక్తుని గూర్చి యొక్కొక్క పద్యము చెప్పునప్పుడు కథలోని ముఖ్యాంశము కనఁబడును. హరునకు వెంటనే యొక కోవెల నెన్నఁడు కట్టుదు నని తహతహపడి, కన్ను మూయక, ప్రతిరాత్రియు మనస్సులోఁ దలఁచి యనుగ్రహము పొందెనని యాయన చెప్పెను. ఇచటను రాజు లేఁడు, కాంచీపురము లేదు. ఉన్నది నిద్ర లేని రాత్రి, త్వరపడు మనస్సు.

12వ శతాబ్దియందు రెండవ కులోత్తుంగచోళుని (1133–1150) కాలమున మంత్రిగా నుండిన శేక్కిళారు పెరియపురాణమున నీ కథను 18 పద్యములలో విస్తరించెను. తెలుఁగువారికిఁ గణ్ణప్ప కథ పాల్కురికి సోమనాథునివలనను, ధూర్జటివలనను బరిచితమే గదా. తమిళమున నట్టి భక్తుల చరిత్రల నెల్ల నొక్క మహాకావ్యముగాఁ గూర్చినవాఁడు శేక్కిళారు. అయితే కణ్ణప్ప కథయందు రక్తము, కన్ను, బాణము కలవు. పూసలారు కథయందుఁ జూపునకుఁ గనఁబడు క్రియ యొక్కటియు లేదు. ఒక మనుష్యుఁడు కదలక కూర్చుండును, అంతే. అట్టి దానిని గావ్యముగా నడపుట సులభము కాదు.

శేక్కిళారు దీని నెట్లు సాధించెనో గమనింపవలసియున్నది. పూసలారు శివాలయము నిర్మింపఁ గోరి ధనమునకై యంతటను వెదకెను. చిల్లిగవ్వయు దొరకలేదు. ఏమి చేయుదునని కుంది, మనస్సుతోనే కట్ట నిశ్చయించెను. ఆ తరువాత నతఁడు చేసిన పనుల వరుస యిది. మొదట మనస్సులో ధనమును గొంచెము కొంచెముగాఁ బోగు చేసెను. పిమ్మట నుపకరణములతోఁ గూడ శిల్పులను సమకూర్చెను. మంచిదినము చూచి, యాగమవిధి ననుసరించి పునాది వేయించెను. రాత్రులందును నిదురపోలేదు. అడుగున నుపానము మొదలుకొని యొక్కొక్క వరుస చెక్కడములతో నెత్తుచు, శిఖరమును దాను ముందు తలఁచిన మూరల కొలఁదికిఁ దెచ్చెను. ఇట్లు చాలదినములు గడచెను. స్తూపిని నిలిపి, సున్నపుఁబని చేయించి, బావి త్రవ్వించి, ప్రాకారము పెట్టించి, కోనేరు త్రవ్వించి, తుదకుఁ బ్రతిష్ఠకు ముహూర్తము నిశ్చయించెను.

మనస్సుచేఁ గట్టువానికి ధనముతోఁ బనియేమి? ఊహలో శిఖర మొక్క నిమిషమున లేవకూడదా? నంబి పద్యమునందలి భక్తుఁడు ‘వెంటనే’ కట్టఁ గోరినాఁడు. శేక్కిళారు భక్తుఁడు ‘చాలదినములు’ కట్టినాఁడు. ఈ మార్పు యాదృచ్ఛికముగాఁ దోఁచదు. శంకరాచార్యుల పేరఁ బ్రసిద్ధమైన శివమానసపూజాస్తోత్రమున భక్తుఁడు రత్నసింహాసనమును, దివ్యవస్త్రములను స్వామికి సంకల్పమాత్రమున నర్పించును. బీదవానికి దొరకని వెల్ల మనస్సునకు దొరకుననుటయే మానసపూజలోని సౌకర్యము. పూసలా రా సౌకర్యమును వాడుకొనలేదు. బంగారుగుడి కట్టలేదు, త్వరగాఁ గట్టలేదు. డబ్బుగల వాఁడు నేలపైఁ గట్టినచో నెంతకాలము పట్టునో, యెన్ని మెట్లు గడవవలయునో, యవి యన్నియు మనస్సున గడిపెను. అందుచేతనే అది గుడి యైనది. లేనిచో నొక కల మాత్ర మగును. మూరల లెక్కను, సున్నపుఁబనిని, బావిని విడువక చెప్పుటలోఁ గట్టడపుఁబని నెఱిఁగినవాని చేయి కనఁబడుచున్నది. శేక్కిళారు తన జన్మస్థలమైన కున్ఱత్తూరఁ దిరునాగేశ్వరమును బోలిన యొక యాలయమును గట్టించెనని సంప్రదాయము. ఆ కున్ఱత్తూరు నిన్ఱవూరికి దూరము కాదు, రెండును దొండమండలములోనివే.

ఇఁక రాజు వచ్చును. కాడవరాజు, అనఁగాఁ బల్లవరాజు, కంచిలో శిలాలయమును గట్టించి, విశేషధనము వెచ్చించి, ప్రతిష్ఠకు దినము నిర్ణయించెను. ఆ ముందురాత్రి శివుఁడు కలలోఁ గనఁబడి, నిన్ఱవూరి పూసల్ బహుదినములు తలఁచి కట్టిన యాలయమునఁ దాను మఱునాఁడు ప్రవేశింపనున్నాననియు, రాజు తన ప్రతిష్ఠను దరువాత జరుపుకొనవలెననియుఁ జెప్పెను. రాజు మేల్కని, యట్టి భక్తునిఁ జూడవలెనని నిన్ఱవూరికి వచ్చి, పూసలారు కట్టిన గుడి యెక్కడ యని యడిగెను. అట్టి గుడి యేదియు లేదని యూరివారు చెప్పిరి. అచటి బ్రాహ్మణులు పూసలారు తమవాఁడే యనిరి. రాజు వానిని బిలువనంపక, తానే వెళ్లి నమస్కరించి, యే యాలయమని ప్రశ్నించెను. పూసలారు భయపడెను, ఆశ్చర్యపడెను, తన్నొక మనుష్యునిగా నెంచి స్వామి యిట్లు పలికెనా యని లోలోనఁ గరఁగి, జరిగినది జరిగినట్లు చెప్పెను. రాజు నేలపైఁ బడి మ్రొక్కి, తన సేనతో మరలిపోయెను. పూసలారు ముహూర్తము తప్పక స్వామిని దన మనస్సునఁ బ్రతిష్ఠించి, బహుదినములు పూజించి, శివసాయుజ్యము పొందెను. రాజు వానికొక శిలాలయము కట్టించి యిచ్చెనని శేక్కిళారు చెప్పఁడు. వేఱొక కవియైనచో నట్టి ముగింపునకు లోఁబడియుండును.

ఈ కాడవరాజెవఁడో శేక్కిళారు పేరు చెప్పలేదు. కాని కంచిలోని యా గుడిని ‘కఱ్ఱళి’, అనఁగా ఱాతిగుడి, యనెను. కాంచీపురమునందలి కైలాసనాథాలయమును జోళులకాలమునఁ ‘బెరియ తిరుక్కఱ్ఱళి’ యని వ్యవహరించిరి. దీనిని 8వ శతాబ్ది యారంభమునఁ గట్టించినవాఁడు రాజసింహుఁడను బిరుదుగల రెండవ నరసింహవర్మ. ప్రాకారమునంటి 58 చిన్న గుళ్లుగల యీ యాలయముచుట్టు రాజు బిరుదములు వందలకొలఁదిగాఁ జెక్కఁబడియున్నవి. ఈ పల్లవులు తెలుఁగువారికిఁ గ్రొత్తవారు కారు. వీరి పూర్వుఁడు శివస్కందవర్మ కాంచీపురమునుండి ధాన్యకటకమునందలి యధికారికిఁ బంపిన యాజ్ఞ మయిదవోలు రాగిఱేకులపై నిలిచియున్నది.

కైలాసనాథుని విమానముచుట్టు నొక సంస్కృతశాసనము కలదు. హుల్ట్జ్ పండితుఁడు 1890వ సంవత్సరమున దక్షిణభారత శాసనముల మొదటి సంపుటమున దీనిని బ్రకటించెను. రాజు శైవసిద్ధాంతమార్గము ననుసరించువాఁ డని యందుఁ గలదు. మఱియొక శ్లోకమున వింతమాట యొకటి యున్నది: కృతయుగమున దుష్యంతాదులు దివ్యవాణిని వినిరి, సద్గుణములు దూరమైన యీ కలియుగమున శ్రీభరుఁడు, అనఁగా రాజసింహుఁడు, ఆ వాణిని వినుట మిక్కిలి యాశ్చర్యకర మని దాని భావము. గుడి కట్టిన రాజు దైవవాణి వినెనని గుడిగోడపైనే యుండుటచే, పూసలారు కథకు నిదియే శిలాసాక్ష్యమని పలువురు పండితులు తలఁచిరి.

ఈ యభిప్రాయము మనోహరమే. కాని శాసనము పలుకని మాట దానిచేఁ బలికించుట తగదు. ఆ వాణి యేమి చెప్పెనో శ్లోకమున లేదు. పూసలారు పేరు లేదు, నిన్ఱవూరు లేదు. శేక్కిళారు చెప్పినది కల; శాసనము చెప్పినది వాణి. అంతకంటె ముఖ్యమైన యాక్షేపము దుష్యంతుని పేరులోనే యున్నది. దుష్యంతుఁడు వినిన యశరీరవాణి యేదో నన్నయ యాదిపర్వమును జదివిన వారందఱు నెఱుఁగుదురు. శకుంతల కొడుకైన భరతుఁడు నీ కొడుకే, గ్రహింపు మని యది చెప్పెను. ఆ వాణి గుడిని గూర్చినది కాదు. వంశమును, రాజత్వమును గూర్చినది. శాసనకవి దుష్యంతు నుపమానముగాఁ గైకొనుట కేవలము దైవవాణిని వినుట యను సామ్యముచేతనా, లేక రాజవంశవిషయమైన వేఱొక సంఘటనను దృష్టియం దుంచుకొనియా యను ప్రశ్నకు శ్లోకము చోటిచ్చుచున్నది. ఈ శంక తీఱనిదే పూసలారు కథ శాసనమునఁ గలదని చెప్పుట సాహసము.

అయినను రెంటికి సంబంధమే లేదనుటయు నంతే సాహసము. కంచి ఱాతిగుడి కట్టిన రాజుతో దేవుఁడు మాటలాడె ననునది శేక్కిళారు కల్పన కాదు. అంతకు నాలుగువందల యేండ్లకు మున్నే, రాజు బ్రదికియుండఁగనే, రాజాస్థానమే చెప్పుకొని శిలపైఁ జెక్కించిన మాట యది. తొండమండలమువాఁడైన కవికిఁ దరతరములుగా వచ్చిన యా వదంతి చెవిఁ బడియుండుట యసంభవము కాదు. నంబి పద్యమున రాజు లేకుండుటయు, శేక్కిళారు గ్రంథమున రాజు ప్రవేశించుటయుఁ జూడఁగా, మొదట వేఱువేఱుగా నుండిన రెండు కథలు, నిన్ఱవూరి భక్తుని మనోమందిరమును, కంచిరాజు వినిన దైవవాణియు, నడుమ నెప్పుడో యొకటైన వని యూహింపవచ్చును. ఒకటి యగునప్పుడు వాణియొక్క తాత్పర్యము తలక్రిందయ్యెను. శాసనమున దైవవాణి రాజునకుఁ గీర్తి. పురాణమున నా దైవమే రాజుతో ‘నీ వాగుము, ముందుగా నాతని గుడికిఁ బోవలసియున్నది’ యని చెప్పును. బిరుదములను వందలకొలఁదిఁ జెక్కించుకొన్న రాజును బేరులేనివానిగాఁ జేసి, గుడి లేనివాని పేరును నిలిపినది తమిళభక్తకవుల సంప్రదాయము.

రాజు కట్టిన గుడియు నశించినది కాదు. ఆయన రాణి రంగపతాక యెదుట నొక చిన్న గుడి కట్టించెను. కొడుకు మూఁడవ మహేంద్రవర్మ మఱియొకటి కట్టించెను. కొంతకాలమునకుఁ బల్లవులకుఁ బరమశత్రువులైన బాదామి చాళుక్యులు కంచిని బట్టుకొనిరి. రెండవ విక్రమాదిత్యుఁడు (733–744) నగరమును గొల్లగొట్టక, రాజసింహేశ్వరుని ధనమును జూచి స్వామికే మరల నిచ్చివేసిన ట్లొక కన్నడశాసనము ఆ మండపస్తంభముపైనే కలదు. ఱాతిగుడికి శత్రువు దయయుఁ గావలసివచ్చినది.

నేఁడు నిన్ఱవూరఁ గానవచ్చు హృదయాలయేశ్వరుని గుడి పూసలారు గుడి కాదని కథయే చెప్పుచున్నది. అట్టి గుడి యేదియు లేదని యూరివారు రాజుతో నన్న మాటయే దానికిఁ బ్రమాణము. తరువాతివారు భక్తుని తలఁపునకు ఱాతితోఁ గట్టిన భాష్యముగా దీనిని భావింపవలెను. స్వామికి హృదయాలయేశ్వరుఁడనియు, అమ్మవారికి మరకతాంబిక యనియుఁ బేళ్లు. పూసలారు విగ్రహమును ఆలయమునఁ బూజలందుకొనుచున్నది. ఆలయ మనునది కట్టడము. హృదయాలయ మనునది కట్టడము కానిది. రెండును గలసి యొక పేరైనవి.

ఈ పేరులో నొక మాట మాఱినది. శేక్కిళారు వాడిన మాటలు మనము, నినైవు అనునవి. అనఁగా మనస్సు, తలఁపు. వానికి బదులుగా సంస్కృతపు హృదయశబ్దము వచ్చి చేరినది. హృదయ మనఁగా మనస్సును నగును, ఱొమ్ములోని గుండెయు నగును. అందుచేత నిటీవల గుండెజబ్బు గలవారు స్వస్థతకై యీ స్వామికి మ్రొక్కుకొను నాచారము బలపడినది. నిలిచిన దను మాటనుండి లక్ష్మి కథయు, దశకము లేని కొఱఁతనుండి యాళ్వారు కథయుఁ బుట్టినట్లే, ఈ కాలమున హృదయ మను మాటనుండి మఱియొక మహిమ పుట్టుచున్నది. శస్త్రచికిత్సకు ముందును దరువాతను జనులు దూరపుటూళ్లనుండి వచ్చి, రైలు దిగి, పూసలారు గుడి యెక్కడ యని యడుగుదురు. ఊరివారు త్రోవ చూపుదురు.